భీమిలిలో పాత ఇల్లు కొంటున్నారా? అడ్వాన్సు ఇచ్చేముందు డచ్చివాళ్ల సమాధుల నుంచి దూరం కొలిపించండి

"పాతిల్లు పడగొట్టి జీ ప్లస్ టూ లేపేయండి, ఎవరడుగుతారు?" అని బ్రోకరు అంటే అక్కడే ఆగండి. భీమిలిలో కొన్నవాళ్లు ఇరుక్కునేది ఈ మాట దగ్గరే.

డచ్చివాళ్ల సమాధుల స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. దాని చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ దూరాన్ని రక్షిత స్థలం హద్దు నుంచి కొలుస్తారు. గేటు దగ్గర్నుంచి అడుగులు లెక్కేసి "మనది బయటే" అంటే చెల్లదు. నిషిద్ధ ప్రాంతంలో కొత్త ఇంటికి అనుమతి రాదు. 1992 జూన్ 16కి ముందున్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, అదీ అనుమతి తీసుకుని. పడగొట్టి అవే కొలతల్లో కట్టినా చట్టం దాన్ని మరమ్మతు అనదు. అంటే గోడలు కూల్చిన రోజున మీ చేతిలో మిగిలేది ఇల్లు కట్టుకోలేని స్థలం. కాదని కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నియంత్రిత ప్రాంతంలో కట్టుకోవచ్చు గానీ, ముందు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి.

సముద్రం వైపు సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ పరిధి, చూడాలి. పోటు గీత నుంచి 500 మీటర్లు దాని పరిధి. సీఆర్‌జెడ్-2లో, అంటే ఇప్పటికే ఇళ్లు నిండిన పట్టణ తీరంలో, పాత ఇంటిని తిరిగి కట్టాలంటే అది అనుమతి ఉన్న కట్టడమై ఉండాలి, వాడకం మారకూడదు. ఇంటి పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇంటికి అనుమతి ఉన్నట్టు కాదు, ప్లాను కాగితం అడగండి. వాడకం మారకూడదు కాబట్టి హోమ్‌స్టే ఆలోచన ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22-ఎ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. వారసత్వపు ఇల్లయితే ఆడపడుచుల సంతకాలు లేకుండా ముందుకెళ్లొద్దు. "పెళ్లప్పుడే ఇచ్చేశాం" అనే మాట కోర్టులో నిలవదు.

కొత్తగా రంగేసిన గోడను మోకాలి ఎత్తున గీకి చూడండి. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేదు, ఉప్పు పొంగి పెచ్చులూడుతుంది. శ్లాబు కింద సుత్తితో తట్టండి. డొల్లగా మోగితే లోపల కడ్డీలు తుప్పుపట్టి ఉండొచ్చు. బావి నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) మే నెలలో కొలవండి, వానల తర్వాతి లెక్క నమ్మొద్దు. లీటరుకు 2000 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు.

అడ్వాన్సు ఇవ్వక తప్పకపోతే, ఎన్ఓసీ రాకుంటే మొత్తం వెనక్కిస్తామని అగ్రిమెంటులో రాయించండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారుకు ఆ దూరం ఎంతో ముందే తెలిసి ఉంటుంది.