థర్మోస్టాట్ పీకేయడమా, కొత్తది వేయడమా?

కారు ఇంజిన్ కాగిపోతుంటే ముందు తప్పు థర్మోస్టాట్‌దేనా చూడండి. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వు అది. అమీర్‌పేట ట్రాఫిక్‌లోనే టెంపరేచర్ ముల్లు ఎక్కి, ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోతుంటే దిగిపోతే అనుమానం ఫ్యాన్ మీద. కూలెంట్ నిండుగా ఉండి, ఇంజిన్ కాగిపోతున్నా రేడియేటర్ పై హోస్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. ఇంజిన్ చల్లారాక విప్పి, గిన్నెడు నీళ్లలో వేలాడదీసి కాచండి. దానిమీద అచ్చేసిన అంకె దగ్గర, చాలావాటికి 82 డిగ్రీలు, తెరుచుకోవాలి.

పీకేస్తే ఖర్చు లేదు, దారిలో ఆగినవాళ్లు ఇల్లు చేరతారు. అంతవరకే. డిసెంబరు పొద్దుల్లో ఇంజిన్ సరిగా వేడెక్కక పెట్రోల్ తాగుతుంది. బైపాస్‌ని, అంటే రేడియేటర్‌ని తప్పించి నీళ్లు తిరిగే దారిని, కూడా థర్మోస్టాటే మూసే ఇంజిన్లలో నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండా తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది.

కొత్తదే వేయించండి: అదే డిగ్రీది, కొత్త గ్యాస్కెట్, స్ప్రింగు ఇంజిన్ వైపు. బోరు నీళ్లు పోయనివ్వకండి, సున్నం పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోసి, గొట్టాల్లో చిక్కిన గాలి తీయించండి.