డెట్రాయిట్ లయన్స్‌ని ఎంతకు కొనొచ్చు? శనివారం డ్రాఫ్టుకు ముందు నా లెక్క

ఈ శనివారం, 2025 ఆగస్టు 30, సాయంత్రం ఏడింటికి మా ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ డ్రాఫ్ట్. మొత్తం పన్నెండు మందిమి. బెంగళూరు బెళ్ళందూరులో మా ఆఫీసు వాళ్ళం ఏడుగురం, మిషిగన్‌లో మా క్లయింట్ టీమ్ వాళ్ళు ఐదుగురు. వాళ్ళకప్పుడు పొద్దున తొమ్మిదిన్నర. చీటీల్లో నాకు 9వ నంబరు వచ్చింది. అక్కడున్న ఐదుగురూ పుట్టినప్పటి నుంచి లయన్స్ అభిమానులే. అంటే లయన్స్ ఆటగాళ్ళ రేటు మా లీగులో ఎప్పుడూ రెండు రౌండ్లు ఎక్కువే పలుకుతుంది. అందుకే ఈ ఒక్క టీమ్ మీద విడిగా కూర్చుని లెక్క చూసుకున్నాను. మీ లీగుకూ పనికొస్తుందేమో చూడండి.

కొత్తవాళ్ళకు రెండు ముక్కలు. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ళ ఎన్ఎఫ్ఎల్. లయన్స్ అందులో ఒక టీమ్. అక్కడి నిజం ఆటగాళ్ళతో మేం ఊహా టీములు కట్టుకుంటాం, మ్యాచ్‌ల్లో వాళ్ళు ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు. ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాం, అదే డ్రాఫ్ట్. ఎంత ముందు రౌండులో తీసుకుంటే అంత ఎక్కువ రేటు కట్టినట్టు. మొదటి రౌండ్ 1 నుంచి 12 దాకా పోతే, రెండోది 12 నుంచి 1కి తిరిగొస్తుంది. పది యార్డులకు ఒక పాయింటు, పట్టిన ప్రతి క్యాచ్‌కూ ఒక పాయింటు, బంతిని గోల్ గీత దాటిస్తే, అంటే టచ్‌డౌన్‌కు, ఆరు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు మాత్రం ఇరవై ఐదు యార్డులకు ఒకటి, టచ్‌డౌన్‌కు నాలుగు. మా లీగులో పైసా లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద ఈ నెలలోనే కేంద్రం చట్టం చేసింది కాబట్టి ముందే చెబుతున్నాను. ఆఖరున వచ్చినవాళ్ళు నెల రోజులు అందరికీ టీ తెచ్చివ్వాలి, అంతే. పోయినేడు ఆ టీ తెచ్చింది నేనే.

మొన్న చవితికి కదిరి వెళ్ళినప్పుడు కూడా ల్యాప్‌టాప్‌లో ఇదే లెక్క పెట్టుకుని కూర్చున్నాను. మా నాయనది శెనక్కాయల వ్యాపారం. స్క్రీన్ మీద వరసలన్నీ చూసి, "ఇవన్నీ ఎప్పటివి పాపా?" అన్నాడు. పోయినేటివి నాయనా అన్నాను. "పోయినేడు దిగుబడి చూసి ఈయేడు కాయకు రేటు కడతారా ఎవురైనా? చేనదే అయితే సేద్యగాడు ఆయనేనా? వానెంత, బోరెంత?" అని, ఉండ్రాళ్ళు తినడానికి వెళ్ళిపోయాడు. ఆయనకు టచ్‌డౌన్ అంటే తెలీదు. కానీ నేను నెల రోజులుగా చదివిన డ్రాఫ్ట్ గైడ్లలో ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

సేద్యగాడు మారాడు, నిజమే. 2024లో లయన్స్ 17 మ్యాచ్‌లలో 15 గెలిచి, 564 పాయింట్లు కొట్టారు. ఎన్ఎఫ్ఎల్ మొత్తంలో అవే ఎక్కువ. మ్యాచ్‌కు ముప్పై మూడు పైన. జాక్సన్‌విల్ మీద 52-6, టెనెసీ మీద 52-14, డల్లాస్ మీద 47-9. ఆ ఎత్తుగడలన్నీ వేసిన బెన్ జాన్సన్ ఇప్పుడు షికాగో బేర్స్‌కు హెడ్ కోచ్. ఆయన కుర్చీలోకి జాన్ మోర్టన్ వచ్చాడు. పైగా ముందు వరసలో సెంటర్ ఫ్రాంక్ రాగ్నో జూన్‌లో ఆటే మానేశాడు. గార్డ్ కెవిన్ జైట్లర్ టెనెసీకి వెళ్ళిపోయాడు. ముందు వరస వాళ్ళు మన లెక్కలో ఒక్క పాయింటూ తేరు. కానీ వాళ్ళు దారి తీస్తేనే మిగతావాళ్ళు పరుగెత్తేది. పెనై సూయెల్, టేలర్ డెక్కర్ రెండు చివరలా ఉన్నారు కాబట్టి నేను మరీ భయపడటం లేదు. నడిమధ్యే సందేహం.

మాది అనంతపురం ప్రాంతం కాబట్టి నాకు తోచిన పోలిక ఇది. క్యాచ్‌లు, బంతి చేతికొచ్చిన లెక్క బోరు నీళ్ళు. టచ్‌డౌన్లు వాన. వాన పడిన ఏడాది పంట చూసి మురిసిపోయి రేటు కడితే మునుగుతాం. 564 పాయింట్ల ఏడాదిలో లయన్స్ చేను మీద వాన బాగా పడింది. ఇప్పుడు ఎవరి కింద బోరుందో చూద్దాం.

రిసీవర్, అంటే విసిరిన బంతి పట్టే అమన్-రా సెయింట్ బ్రౌన్ కింద ఉంది. నాలుగేళ్ళ క్యాచ్‌లు వరసగా 90, 106, 119, 115. టచ్‌డౌన్లు 5, 6, 10, 12. ఈ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. పోయినేడు 115 క్యాచ్‌లు, 1,263 యార్డులు, 12 టచ్‌డౌన్లు కలిపితే 313 పాయింట్లు. టచ్‌డౌన్లు మళ్ళీ ఆరుకే పడిపోయాయనుకోండి, అప్పుడూ 277 వస్తాయి. రిసీవర్లలో ఇంత తరుగు పోయాక కూడా నిలబడే సరుకు చాలా తక్కువ. 2021లో ఎన్ఎఫ్ఎల్ టీములు కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే అసలు డ్రాఫ్టులో ఇతన్ని నాలుగో రౌండులో, 112వ నంబరుకు తీసుకున్నారు. తనకన్నా ముందు ఎంపికైన పదహారు మంది రిసీవర్ల పేర్లనూ అప్పజెప్పినట్టు చెబుతాడు. ఆ పంతం నాకు నచ్చుతుంది. మా ఇంట్లోనూ బాకీలు ఇలాగే నోటికుంటాయి. ఇంకో ముచ్చట, 9వ నంబరు నుంచి లెక్కపెట్టుకుంటే పదో రౌండులో నాకొచ్చే వంతు సరిగ్గా 112. ఇతను 9 దాకా మిగిలితే కళ్ళు మూసుకుని తీసుకుంటాను.

బంతితో పరుగెత్తే జామిర్ గిబ్స్ సంగతి కాస్త తిరకాసు. ఆట చూస్తుంటే ఇతనిలాంటివాడు ఇంకొకడు లేడనిపిస్తుంది. బంతి చేతికొచ్చిన మూడో అడుగుకే ఎదుటివాళ్ళు వెనకబడిపోయి ఉంటారు. 2024లో పరుగుతో 1,412 యార్డులు, 52 క్యాచ్‌లతో ఇంకో 517, మొత్తం 20 టచ్‌డౌన్లు. సుమారు 360 పాయింట్లు. మా లీగులో మొదటి నాలుగు నంబర్లలోనే పోతాడు, నా దాకా రాడు. రానివాడి గురించి ఇంత ఎందుకంటే, ఆ 20లో ఒక చిక్కుంది. నాలుగు టచ్‌డౌన్లు ఒకే రోజు కొట్టాడు, ఆఖరి వారం, మిన్నెసోటా మీద. అది 18వ వారం. మా లీగే కాదు, చాలా లీగుల్లో ఫైనల్ 17వ వారానికే అయిపోతుంది. మండీ మూసేశాక గేటు దగ్గరికొచ్చిన లారీ అది. గైడ్లన్నీ ఆ లారీని కూడా కలిపి లెక్కేస్తున్నాయి. పైగా ఆ చివరి వారాల్లో, గిబ్స్‌తో బంతి పంచుకునే డేవిడ్ మాంట్‌గోమరీ మోకాలి దెబ్బతో బయట ఉన్నాడు, బంతి మొత్తం గిబ్స్‌కే వచ్చింది. ఈసారి ఇద్దరూ ఉన్నారు. రెండో నంబరు, మూడో నంబరు వచ్చినవాళ్ళు తీసుకోండి, తప్పేం లేదు. కానీ 360 చూసి కాదు, 310 అనుకుని తీసుకోండి.

ఆ మాంట్‌గోమరీని మా వాళ్ళెవరూ పట్టించుకోరు. వయసు 28 దాటింది, మెరుపు లేదు, మా టీమ్ లీడ్ అన్న అయితే "లారీకి ట్రాక్టర్ ఇంజిన్" అంటాడు. ఆ ట్రాక్టరే పోయినేడు 14 మ్యాచ్‌లలో 775 యార్డులు, 12 టచ్‌డౌన్లు, 36 క్యాచ్‌లతో ఇంకో 341 యార్డులు తెచ్చింది. అంతా కలిపితే 219. అంతకుముందు ఏడాది 13 టచ్‌డౌన్లు. అయితే నా పోలిక ప్రకారం ఇతనిది పూర్తిగా వానాధారం సేద్యం. గోల్ గీత దగ్గర రెండు యార్డులు తోయడానికి ఇతన్నే పిలుస్తారు, కాబట్టి టీమ్ అక్కడిదాకా చేరకపోతే ఇతనికి పని లేదు. ఆరో రౌండులో నా 64వ నంబరుకు ఉంటే తీసుకుంటాను. ఐదులో తీసుకోను.

ఇక నా టీ కథ. టైట్ ఎండ్ (ఎదుటివాళ్ళను అడ్డుకుంటూనే క్యాచ్‌లూ పట్టేవాడు) సామ్ లపోర్టా 2023లో కొత్తగా వచ్చిన ఏడాదే 86 క్యాచ్‌లు పట్టాడు. అప్పటిదాకా కొత్త టైట్ ఎండ్ ఎవరూ అన్ని పట్టలేదు, అప్పటికి అది రికార్డు. 889 యార్డులు, 10 టచ్‌డౌన్లు. అది చూసి పోయినేడు మూడో రౌండులోనే కొన్నాను. వచ్చినవి 60 క్యాచ్‌లు, 726 యార్డులు, 7 టచ్‌డౌన్లు. తప్పు అతనిది కాదు, ఆరో రౌండు సరుకుకు మూడో రౌండు రేటు కట్టింది నేను. వారం వారం "ఈసారి కొడతాడు" అనుకుంటూ కూర్చున్నాను. మా రూమ్మేట్ అక్క, "పెళ్ళి సంబంధం చూసినట్టు చూస్తున్నావు" అనేది. ఈసారి అందరూ భయపడి వదిలేస్తున్నారు కాబట్టి రేటు దిగింది. నా 57వ నంబరుకు ఉంటే మళ్ళీ తీసుకుంటాను. నవ్వుకోండి.

జేమ్సన్ విలియమ్స్ మీద నాకు నమ్మకం సగమే. 58 క్యాచ్‌లతో 1,001 యార్డులు, అంటే పట్టినప్పుడల్లా సగటున పదిహేడు యార్డులు. కొట్టిన వారం మీరే గెలుస్తారు, కొట్టని వారం మూడు పాయింట్లు చూసి కడుపు మండుతుంది. మొత్తం ఏడాదికి 200 పైనే వచ్చాయి కానీ అవి ఎలా వచ్చాయన్నది లీగ్ ఆడేవాళ్ళకే తెలుస్తుంది. ఇప్పటికే నిలకడైన రిసీవర్లు ఇద్దరున్న వాళ్ళకైతే ఐదో రౌండులో బాగుంటాడు. నాకు బీపీ ఎక్కువ, వద్దు.

క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్. 4,629 యార్డులు, 37 టచ్‌డౌన్లు. సియాటిల్ మీద పద్దెనిమిదికి పద్దెనిమిది బంతులూ చేరవేసిన మ్యాచ్ నేను లైవ్‌లో చూశాను, మనకు మంగళవారం పొద్దున 5:45కి. అదే మ్యాచ్‌లో సెయింట్ బ్రౌన్ విసిరితే గాఫ్ పట్టి టచ్‌డౌన్ కొట్టాడు. అంత బాగా ఆడేవాడిని తొమ్మిదో రౌండు దాకా ఎందుకు వదిలేస్తారంటే, అతను పరుగెత్తడు. కాళ్ళతో యార్డులు తెచ్చే క్వార్టర్‌బ్యాక్‌లు వారానికి నాలుగైదు పాయింట్లు ఊరికే లాగేస్తారు. హ్యూస్టన్ మీద ఐదు బంతులు ఎదుటివాళ్ళ చేతుల్లో పెట్టిన మ్యాచ్ కూడా గుర్తుంది. సోమవారం పొద్దున ఆఫీసు క్యాబ్‌లో, రింగ్ రోడ్డు జామ్‌లో కదలకుండా నిలబడి చూశాను. లయన్స్ 26-23తో గెలిచారు, నా టీమ్ ఓడింది.

గాఫ్‌ను కొనేవాళ్ళు మాత్రం పైకప్పు చూసుకోవాలి. లయన్స్ సొంత మైదానం ఫోర్డ్ ఫీల్డ్‌కు కప్పుంది. గాలి, మంచు గొడవ ఉండదు. మా లీగులో నాకౌట్లు 15, 16, 17 వారాలు. ఆ మూడు వారాలూ లయన్స్ ఆడేది లాస్ ఏంజెలెస్‌లో రామ్స్‌తో, సొంతగడ్డ మీద పిట్స్‌బర్గ్‌తో, క్రిస్మస్ రోజు మిన్నెసోటాలో. మూడూ కప్పు కింద ఆటలే. డిసెంబరులో సగం టీములు మంచులో జారుతుంటే ఇది చిన్న విషయం కాదు. గైడ్లలో దీన్ని ఎక్కడో చివర ఒక ముక్కలో రాస్తారు. నేనైతే ఇద్దరు సమానంగా కనిపిస్తే ఇది చూసే నిర్ణయిస్తాను. ఎనిమిదో వారం లయన్స్‌కు సెలవు. ఇద్దరికన్నా ఎక్కువ లయన్స్‌ని పెట్టుకుంటే ఆ వారం మీ గిన్నె ఖాళీ.

కాలితో తన్ని పాయింట్లు తెచ్చే కిక్కర్ జేక్ బేట్స్ మంచోడే. కానీ కోచ్ డాన్ కాంబెల్ ఆఖరిదైన నాలుగో ప్రయత్నంలో కిక్కర్‌ని పిలవకుండా ముందుకే పొమ్మంటాడు. 2024 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో మీద 24-7 ఆధిక్యంలో ఉండి 34-31తో ఓడిపోయిన మ్యాచ్‌లో అలా రెండుసార్లు పోయి రెండుసార్లూ దెబ్బతిన్నారు. అయినా ఆయన పద్ధతి మారలేదు. టచ్‌డౌన్లకు మంచిది, కిక్కర్‌కు నష్టం. ఆఖరి రౌండు. కొత్త కుర్రాడు ఐజాక్ టెస్లా పేరు రాసి పెట్టుకోండి, డ్రాఫ్టులో కాదు, తర్వాత ఎవరికైనా దెబ్బ తగిలినప్పటికి.

యాప్ పేరు చెప్పను గానీ, పోయినేడు మా వీధిలో కరెంటు పోయి వైఫై ఆగిపోయిన మూడు నిమిషాల్లో అది నా బదులు రెండో కిక్కర్‌ని ఎంచి పెట్టింది. ఈసారి ఫోన్ డేటా ఆన్‌లో పెట్టుకుని కూర్చుంటాను. ముందే ఒక వరస రాసి యాప్‌లో ఎక్కించాను కూడా. అందులో పైన సెయింట్ బ్రౌన్, ఐదులో లపోర్టా, ఆరులో మాంట్‌గోమరీ. ముగ్గురూ దొరికితే నేను చెప్పిన ఇద్దరి నియమం నేనే తప్పినట్టు. అప్పుడు మాంట్‌గోమరీని వదిలేస్తాను, బహుశా.

మొదటి మ్యాచ్ గ్రీన్ బేలో, మనకు సోమవారం తెల్లవారుజామున 1:55కి. పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసులో స్టాండప్ మీటింగ్ ఉంది, చూడను. రెండో వారం చూస్తాను. బెన్ జాన్సన్ తన కొత్త టీమ్‌ను వెంటబెట్టుకుని ఫోర్డ్ ఫీల్డ్‌కు వస్తున్నాడు, ఆదివారం రాత్రి పదిన్నరకే.