మైనింగ్ బీటెక్ అయ్యాక: ఎంటెక్‌కా, గనిలోకా?

కొత్తగూడెంలో మైనింగ్ చదివే పిల్లలకి ఫైనలియర్‌లో పట్టుకునే టెన్షన్ ఇదే. ఎంటెక్ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాసి ఝార్ఖండ్‌లోని ధన్‌బాద్ ఐఐటీకి వెళ్లాలా, ఉద్యోగం దొరికితే హెల్మెట్ పెట్టుకుని దిగిపోవాలా?

ధన్‌బాద్ సంగతి చూద్దాం. 1926లో పెట్టిన కాలేజీ, 2016లో ఐఐటీ అయింది. గేట్‌తో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. రెండేళ్లు రాక్ మెకానిక్స్, వెంటిలేషన్, గని ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ మీద కూర్చోవచ్చు. పైకప్పు ఎందుకు కూలుతుందో లెక్క కట్టడం ఇష్టమైతే, పీహెచ్‌డీ, టీచింగ్, డిజైన్ కన్సల్టెన్సీ వైపు మనసుంటే ఇదే దారి.

గనిలోకి వెళ్తే చేతికి జీతం. అంతకంటే ముఖ్యం, అనుభవం లెక్కలో పడుతుంది. పెద్ద గనికి మేనేజర్ కావాలంటే, గనుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ పరీక్షకి గనిలో చేసిన పని చూపాలి. ఎంటెక్ పట్టా ఎంత పెద్దదైనా ఆ సర్టిఫికెట్‌కి బదులు కాదు. చాలామంది ఇది ఆలస్యంగా తెలుసుకుంటారు. నైట్ షిఫ్టులు, ఉక్కపోత, బొగ్గు ధూళి మాత్రం తప్పవు.

ఇంకో మాట. కోల్ ఇండియా గేట్ స్కోరుతో ట్రైనీలను తీసుకున్నప్పుడు అడిగింది బీటెక్కే. ఉద్యోగం కోసమే ఎంటెక్ అనుకుంటే నేనైతే వద్దంటాను. గేట్ మాత్రం ఎలాగూ రాయండి, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈలోగా ఓ ఏడాది గనిలో చెమటోడిస్తే, ఎంటెక్‌లో ఏ సబ్జెక్టు పట్టుకోవాలో దానంతటదే తేలుతుంది.