జీపీఎస్ ఉందని పాత కెమెరా కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

మిత్రులకు నమస్కారం. లోపలే జీపీఎస్ అమర్చిన పాత డిజిటల్ కెమెరాను కొనాలని మీలో ఎవరైనా అనుకుంటూ ఉంటే, డబ్బు చేతులు మారకముందే నా అనుభవాన్ని ఒకసారి చదవమని మనవి. హైదరాబాదులో పాత కెమెరాలు అమ్మే ఒక దుకాణంలో 9,500 రూపాయలు పోసి నేను అలాంటి కెమెరా ఒకటి కొన్నాను. దుకాణదారు పేరు గానీ, కెమెరా కంపెనీ పేరు గానీ ఇక్కడ చెప్పడం లేదు. ఎందుకంటే ఈ చిక్కు ఒక దుకాణానికో ఒక కంపెనీకో పరిమితమైనది కాదు. అమ్మేవాడు "జీపీఎస్ ఉంది" అని చెప్పిన మాట నిజమే అయినా, ఆ కెమెరా మీ ఫొటోలకు వేరే ఊరి అక్షాంశ రేఖాంశాలను తగిలించవచ్చు, తేదీని ఇరవై ఏళ్లు వెనక్కి నెట్టవచ్చు, ఆ సంగతి మీకు తెలియనివ్వకపోవచ్చు కూడా.

నాకు ఈ కెమెరా ఎందుకు అవసరమైందో చెప్పాలి. సెలవులు దొరికినప్పుడల్లా రాయలసీమ పల్లెల్లో తిరిగి వీరగల్లులను (వీరుల జ్ఞాపకార్థం నిలిపిన రాళ్లను), శాసనాలను ఫొటోలు తీయడం నాకు అలవాటు. అవి తరచు ఊరి బయట చింతచెట్టు కిందనో, పొలం గట్టు మీదనో, పాడుబడిన గుడి వెనకనో ఉంటాయి. ఇంటికి వచ్చి చూసుకుంటే ఏ రాయి ఏ ఊరిదో గుర్తుండదు. ఎక్కడ ఉందో చెప్పలేని శాసనం ఫొటో ఎంత అందంగా ఉన్నా సగం పనికే వస్తుంది. ఫొటోలోనే చోటు నమోదైపోతే ఈ బాధ తప్పుతుందని ఆశపడ్డాను. ఇటీవలి కెమెరాల్లో చాలావాటికి సొంత జీపీఎస్ ఉండదు, ఫోనుతో బ్లూటూత్ ద్వారా జతపడి దాని దగ్గరి నుంచి చోటును అరువు తెచ్చుకుంటాయి. అందుకే పదేళ్లు దాటిన పాతవాటి కోసం వెతకవలసి వచ్చింది.

దుకాణంలో జీపీఎస్ పనిచేస్తుందా అని అడిగితే, అమ్మే కుర్రవాడు మెనూలో దాన్ని ఆన్ చేసి, తెర మూలన మినుకుమినుకుమంటున్న ఉపగ్రహం బొమ్మను చూపించి "చూడండి సార్, పనిచేస్తోంది" అన్నాడు. నేను నమ్మాను. ఆ కెమెరాలో బొమ్మ మినుకుమినుకుమంటే ఇంకా వెతుకుతోందని, నిలకడగా వెలిగితేనే చోటు తెలిసిందని అర్థమట. కెమెరా వాడకం వివరించే పుస్తకం తెరిచి చదివే ఓపిక నాకు వారం తరవాత గానీ రాలేదు. పైన మూడంతస్తుల శ్లాబు ఉన్న ఆ దుకాణంలో ఏ కెమెరాకైనా ఉపగ్రహం దొరకడం కష్టమేనన్న ఇంగితం కూడా ఆ క్షణాన నాకు లేకపోయింది. ఈ భాగంలో తప్పు నాది.

అసలు కథ 2024 సంక్రాంతి సెలవుల్లో నడిచింది. జనవరి 14న తెల్లవారుజామున తాడిపత్రిలో మా ఇంటి ముందు భోగిమంట దగ్గర మొదలుపెట్టి, ఆ పగలు బెలూం గుహలు, సాయంత్రం గండికోట, మరునాడు ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల చూసుకుని వచ్చాను. కలమళ్ల అంటే రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి తెలుగు శాసనం దొరికిన ఊరు, అది క్రీ.శ. 575 నాటిదని సాధారణంగా చెబుతారు. అక్కడి చెన్నకేశవాలయం ఆవరణలో నిలబడి ఫొటోలు తీస్తున్నప్పుడు, ఇక ఈ ఊరి పేరు రాసుకోనక్కర లేదు, కెమెరాయే రాసుకుంటుంది అనుకుని నోటుపుస్తకాన్ని సంచిలోంచి తీయనే లేదు.

ఇంటికి వచ్చి 212 ఫొటోలను కంప్యూటరులో పటం మీద పరిచి చూస్తే, సరైన చోట పడినవి 61 మాత్రమే. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి తీసిన మొదటి పదిహేను ఫొటోలు బెలూం గుహల వాహనాల నిలుపుదల స్థలంలో ఉన్నాయి. కలమళ్ల ఫొటోలన్నీ, ఒక్కటీ మిగలకుండా, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న గండికోట మాధవరాయస్వామి గుడి ముందు గుట్టగా పడి ఉన్నాయి. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు వెనకాల స్పష్టంగా కనిపిస్తున్న ఫొటో కూడా గండికోట కోటలోపల తీసినట్టే నమోదైంది. నేను వెళ్లి వచ్చినవాణ్ణి కాబట్టి తప్పు పట్టగలిగాను. ఈ ఫొటోలను పదేళ్ల తరవాత వేరెవరైనా చూస్తే, ఆ శాసనం రాయి గండికోటలోదేనని రాసిపెట్టరని నమ్మకం ఏముంది?

ఎందుకిలా జరిగిందో తరవాత ఓపికగా తేల్చుకున్నాను. జీపీఎస్ గ్రాహకం, అంటే సంకేతాలను అందుకునే పరికరం, తన చోటును లెక్కకట్టాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం అందాలి. ఆ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఒక్కొక్కటి తాను ఏ క్షణాన ఎక్కడ ఉంటుందో చెప్పే వివరాలను సెకనుకు 50 బిట్ల నత్తనడకతో పంపుతూ ఉంటాయి. ఒక ఉపగ్రహం తన సొంత కక్ష్య వివరాలను పూర్తిగా చెప్పడానికి 30 సెకన్లు పడుతుంది, మధ్యలో అడ్డు వస్తే మళ్లీ వచ్చే విడత కోసం ఆగాలి. మొత్తం ఉపగ్రహాలన్నిటి స్థూల వివరాలు అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఈ రెండో దానికి ఆల్మనాక్ అని పేరు, అంటే మన పంచాంగమే. సొంత కక్ష్య వివరాలు కొన్ని గంటలకే పాతబడిపోతాయి కాబట్టి, నిన్న పనిచేసిన కెమెరా ఈ ఉదయం మళ్లీ మొదటి నుంచి వినవలసిందే. ఫోనుకు ఈ తిప్పలు ఎందుకు లేవంటే, అది ఆ వివరాలను ఇంటర్నెట్ ద్వారా క్షణంలో తెచ్చుకుంటుంది. కెమెరాకు ఆ దారి లేదు; కంపెనీ ఇచ్చే సహాయక ఫైలును మనమే కంప్యూటరు నుంచి మెమరీ కార్డులోకి ఎక్కించాలి, నా కెమెరాకు ఆ ఫైలు నెల రోజులే చెల్లుతుంది. నేను కొనే నాటికి కంపెనీ ఈ నమూనాకు ఆ ఫైలు ఇవ్వడమే మానేసింది. అమ్మినవాడికి ఇది తెలుసో లేదో గానీ, నాకు మాత్రం చెప్పలేదు.

ఆలస్యం వరకైతే సర్దుకోవచ్చు, ఆరుబయట నాలుగైదు నిమిషాలు నిలబడితే తీరిపోయేదే. నా అసలు ఫిర్యాదు ఏమిటంటే, సంకేతం దొరకనప్పుడు ఈ కెమెరా చోటు గడిని ఖాళీగా వదలకుండా, తనకు చివరిసారి తెలిసిన చోటునే తెచ్చి కొత్త ఫొటోలో రాసేస్తుంది. గుహలోపల ఇది ఒక రకంగా మేలే, ఎందుకంటే బెలూంలో నేల కింద తీసిన ఫొటోలన్నిటికీ గుహ ముఖద్వారం దగ్గరి చోటు పడింది. కానీ కెమెరాను ఆపి సంచిలో పెట్టి, బండెక్కి ఇంకో ఊరు చేరి, తీసీ తీయగానే బటను నొక్కితే, మొదటి ఊరే రెండో ఊరి ఫొటోలో పడుతుంది. ఖాళీగా ఉంటే ఖాళీ అని కనిపెట్టి నింపుకుంటాం. నిండుగా ఉన్న గడిని ఎవరు అనుమానిస్తారు? నా కెమెరా విషయంలో ఒక ఆనవాలు మాత్రం దొరికింది. ఫొటోలో దాగి ఉండే వివరాల్లో ఫొటో తీసిన సమయంతో పాటు జీపీఎస్ సమయం అని విడిగా ఒకటి ఉంటుంది. ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో చూస్తే, తప్పుగా పడిన ఫొటోలన్నిటిలో ఆ సమయం మారకుండా అక్కడే ఆగిపోయి ఉంది.

తేదీ సంగతి ఇంకా విచిత్రం. గడియారాన్ని జీపీఎస్ ద్వారా తనంతట తాను సరిచేసుకునే సదుపాయాన్ని నేను సంబరంగా ఆన్ చేసి ఉంచాను. భోగిమంట ఫొటోలు కంప్యూటరులో 2004 మే 30 కింద చేరాయి. కెమెరా తయారైన ఏడాదికే చాలా ముందటి తేదీ అది! ఉపగ్రహాలు పాత పద్ధతి సంకేతంలో తేదీని నేరుగా చెప్పవు, వారం సంఖ్యను చెబుతాయి. దానికి కేటాయించినది పది బిట్లే కాబట్టి 0 నుంచి 1023 వరకు లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. 1980 జనవరి 6న మొదలైన ఆ లెక్క 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6 అర్ధరాత్రి రెండోసారి సున్నాకు వచ్చింది. ఈ మలుపును దాటడం నేర్పని పాత గ్రాహకాలు సరిగ్గా 1024 వారాలు వెనక్కి పోతాయి. 2024 జనవరి 14, 2004 మే 30 రెండూ ఆదివారాలే కావడం అందుకే. దీనికి తోడు జీపీఎస్ సమయం మన సమయం కాదు, దానికంటే ఐదున్నర గంటలు వెనక ఉండే సార్వత్రిక సమయం. అందువల్ల నాలుగున్నరకు వెలిగించిన భోగిమంటకు జీపీఎస్ సమయం గడిలో ముందు రోజు తేదీ పడింది. మా ఇంటావిడ చూసి, పండగకు ముందే మంట వేశారన్నమాట అని నవ్వింది.

బ్యాటరీ గురించి క్లుప్తంగా చెబుతాను. జీపీఎస్ దారి నమోదును ఆన్ చేసి ఉంచితే, ఈ కెమెరాను ఆపేసినా లోపల గ్రాహకం మాత్రం ఆగదు. గండికోటలో పడుకునే ముందు ఆపి పెట్టిన కెమెరా, సూర్యోదయం వేళకు లోయ అంచుకు తీసుకుపోతే తెర కూడా వెలగలేదు.

కొన్న రెండో వారం మెనూల్లో వెతుకుతూ ఉండగా కంటపడిన మరో విషయం నన్ను నిజంగా కలవరపెట్టింది. ఈ కెమెరాను నాకంటే ముందు వాడిన మనిషి తిరిగిన దారుల నమోదు అంతా లోపలి జ్ఞాపకంలో అలాగే ఉంది. రోజూ ఒకే ఇంటి నుంచి బయలుదేరి ఒకే చోటికి వెళ్లి వచ్చిన గీతలు రోజుల తరబడి పటం మీద కనిపించాయి. ఎవరో తెలియని మనిషి గడప నా తెర మీద ఉంది. వెంటనే చెరిపేశాను. మెమరీ కార్డు తీసేసుకుంటే చాలునని అనుకుని అమ్మేస్తున్నవారు లోపలి జ్ఞాపకాన్ని కూడా తుడిచి మరీ ఇవ్వండి. ఫొటోలు పంచుకునే విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి: వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే చోటు వివరాలు తొలగిపోతాయి, కానీ నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా వెంట వెళ్తాయి.

కెమెరాను తిరిగి తీసుకోమని దుకాణానికి వెళ్లాను. "ఫొటోలు బాగానే వస్తున్నాయి కదా సార్, జీపీఎస్ అన్నది అదనపు సదుపాయం" అన్నారు. నా దగ్గర ఉన్నది మొత్తం సొమ్ము ఒక్కటే వేసిన తెల్ల చీటీ. అందులో జీపీఎస్ మాట లేదు, కెమెరా నమూనా పేరు కూడా సగమే ఉంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చని తెలుసు గానీ, ఆ చీటీతో ఏమని చెప్పను? కాబట్టి మీరు కొంటే, బిల్లు మీద నమూనా పేరుతో పాటు "జీపీఎస్ పనిచేయు స్థితిలో ఉన్నది" అన్న మాటను తప్పక రాయించుకోండి. రాయడానికి ఒప్పుకోకపోతే మీకు జవాబు అక్కడే దొరికినట్టు.

డబ్బు ఇచ్చే ముందు కెమెరాను దుకాణం బయటికి, ఆకాశం కనిపించే చోటికి తీసుకురండి. బొమ్మ నిలకడగా వెలిగేదాకా ఆగి ఒక ఫొటో తీయండి. తరవాత కెమెరాను ఆపి, వీలైతే దుకాణం మనిషినే వెంటబెట్టుకుని రెండు మూడు వీధులు దాటి, మళ్లీ ఆన్ చేసిన వెంటనే, ఏ మాత్రం ఆగకుండా ఇంకొకటి తీయండి. ఆ రెండో ఫొటోలో చోటు ఖాళీగా ఉంటే ఆ కెమెరాను నమ్మవచ్చు. మొదటి చోటే పడి ఉంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. తేదీని కూడా అక్కడే చూడండి. ఆ నమూనాకు సహాయక ఫైలు ఇప్పటికీ వస్తోందా అన్నది కంపెనీ వెబ్‌సైటులోనే చూసుకోవాలి, అమ్మేవాడి నోటిమాట చాలదు.

నేనిప్పుడు ఆ కెమెరాలో జీపీఎస్‌ను పూర్తిగా ఆపేసి వాడుతున్నాను. దారిని ఫోనులోని ఒక ఉచిత యాప్ నమోదు చేస్తుంది, ఇంటికి వచ్చాక ఎక్సిఫ్‌టూల్ ఆ దారినీ ఫొటోల సమయాలనూ జతచేసి చోటును నింపుతుంది. కెమెరా గడియారం, ఫోను గడియారం కలవాలి కాబట్టి బయలుదేరే ముందు ఫోనులో సెకన్లతో సహా సమయం కనిపించేలా పెట్టి, దాన్ని కెమెరాతో ఒక ఫొటో తీసుకుంటాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలో ఒక నిమిషం తేడా వస్తే చోటు ఒక కిలోమీటరు జరిగిపోతుంది మరి. ఊళ్లోకి అడుగుపెట్టగానే ఊరు, మండలం, జిల్లా పేర్లు రాసి ఉన్న బడి గోడనో పంచాయతీ బోర్డునో మొదట ఫొటో తీస్తున్నాను. కలమళ్లకు మళ్లీ వెళ్లి ఆ పని చేసి వచ్చాను.

మొన్న అటు వెళ్లినప్పుడు చూస్తే, ఆ దుకాణం అద్దాల బీరువాలో ఇదే నమూనావి ఇంకా రెండు ఉన్నాయి. రెండిటికీ "విత్ జీపీఎస్" అని ఎర్ర సిరాతో రాసిన చీటీ అంటించి ఉంది.