ఇంటీరియర్స్‌కి అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి: ప్రతి గోడకీ పని పెట్టించకండి

కొత్త ఇల్లు చేతికొచ్చి డిజైనర్‌తో మాటలు నడుస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. మాకు పని చేసిన డిజైనర్ డబ్బు తీసుకుని మాయమైపోలేదు. ఒప్పుకున్నవన్నీ చేసి ఇచ్చాడు. మేము ఒప్పుకున్నవే మరీ ఎక్కువైపోయాయి. ఏడాదిగా ఆ ఇంట్లో ఉంటూ పడుతున్న ఇబ్బంది మీకు రాకూడదు.

మొదట మేము అడిగింది మూడే. పడగ్గదుల్లో వార్డ్‌రోబ్‌లు, వంటింట్లో అల్మారాలు, హాల్లో టీవీ యూనిట్. కూర్చుని మాట్లాడిన ప్రతిసారీ ఒక గోడ పెరిగింది. "ఈ గోడ ఖాళీగా వదిలేస్తే హాలంతా బోసిపోతుందండీ" అనేవాడు. అలా టీవీ వెనక ఫ్లూటెడ్ ప్యానెల్ (నిలువు గాడులున్న పలక) వచ్చింది, సోఫా వెనక మార్బుల్ డిజైన్ షీట్, భోజనాల బల్ల దగ్గర అద్దాలు, గుమ్మం పక్కన చెక్క పార్టిషన్, పైన హాలంతా ఫాల్స్ సీలింగ్. ఏది చూపించినా దానికది బాగానే ఉండేది. ఇవన్నీ ఒకే గదిలో పక్కపక్కన ఉంటే ఎలా ఉంటుందో మేము ఆలోచించలేదు, ఆయనా చెప్పలేదు.

తర్వాత కొటేషన్ మళ్ళీ తీసి చూస్తే అర్థమైంది. లెక్కంతా చదరపు అడుగుల మీదే ఉంది. షీట్ కొట్టిన ప్రతి అడుగూ బిల్లులోకి వస్తుంది, ఖాళీ గోడకి బిల్లు ఉండదు. డిజైనర్లందరూ ఇలాగే చేస్తారని నేను అనను. "ఇక్కడ ఏమీ వద్దండీ, రంగు చాలు" అని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ లెక్క అడుగుల మీద నడుస్తున్నప్పుడు 'ఇక చాలు' అనే మాట మనమే అనాలి. మేము అనలేకపోయాం.

డిజైనర్ ముందుగా కంప్యూటర్‌లో గీసి చూపించే త్రీడీ బొమ్మలతో కూడా జాగ్రత్త. వాటిని చాలాసార్లు వైడ్ యాంగిల్‌లో తీస్తారు, గది ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఆ బొమ్మలో పిల్లల బ్యాగు ఉండదు, మడతపెట్టాల్సిన బట్టల కుప్ప ఉండదు. మా బొమ్మలో మంచానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య హాయిగా నడిచే దారి ఉంది. పని అయ్యాక టేపు పెట్టి కొలిస్తే 19 అంగుళాలు. మనిషి ఇబ్బంది లేకుండా నడవాలంటే కనీసం 30 అంగుళాలు కావాలి, 36 ఉంటే ఇంకా మంచిది. ఇప్పుడు వార్డ్‌రోబ్ తలుపు సగం తెరుచుకోగానే మంచానికి తగులుతుంది. అమ్మ అందులోంచి చీర తీసుకోవాలంటే పక్కకి తిరిగి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చెయ్యి లోపలికి పెట్టి తడుముకోవాలి. మంచం అంచు తగిలి ఆమె మోకాలి దగ్గర ఒకేచోట మళ్ళీ మళ్ళీ కమిలిపోతోంది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

సీలింగ్ 8 అంగుళాలు కిందికి దిగింది. ఫ్యాన్ రాడ్ మాత్రం పాతదే బిగించారు. రెక్కలకీ సీలింగ్‌కీ మధ్య 8 నుంచి 10 అంగుళాలైనా ఉంటేనే ఫ్యాన్ గాలిని సరిగ్గా లాగుతుంది. మాకు 4 కూడా లేదు. ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది, కింద గాలి తగలదు. పొడవు రాడ్ వేయించాక గానీ బాగుపడలేదు. రెక్కలు నేల నుంచి 7 అడుగుల కంటే కిందికి రాకుండా చూసుకోండి.

లైట్ల సంగతి: సీలింగ్ అంచుల్లో 3000 కెల్విన్ పసుపు వెలుగు, మధ్యలో 6500 కెల్విన్ తెల్ల వెలుగు పెట్టారు. రెండూ కలిపి వేస్తే ఒకే గోడ సగం ఒక రంగు, సగం ఇంకో రంగు. ఒక హాలుకి ఒక వెలుగు ఎంచుకోండి. అంచుల్లోని స్ట్రిప్ లైట్‌కి కరెంటు అందించే చిన్న పెట్టె, అంటే డ్రైవర్, ఏడో నెలలోనే పోయింది. దాన్ని మార్చడానికి సీలింగ్‌లో దారే వదల్లేదు, కోసి తీయాల్సి వచ్చింది. డ్రైవర్లు ఎక్కడ పెడుతున్నారో ముందే అడగండి.

ఇక ఆ ఫ్లూటెడ్ ప్యానెల్. సందుసందులో దుమ్ము పడుతుంది, గుడ్డ లోపలికి వెళ్ళదు. రంగులేసే చిన్న బ్రష్‌తో పైనుంచి కిందికి ఒక్కో సందూ దులపాలి. నేను లెక్కపెట్టాను, 112 సందులు. వారానికోసారి అది ఒక అరపూట పని.

వాసన గురించి కూడా చెప్పాలి. చెక్కపొడిని, ముక్కల్ని జిగురుతో అతికించి చేసే ఎమ్‌డీఎఫ్, పార్టికల్ బోర్డుల్లో వాడే చాలా రకాల జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు బయటికి వస్తుంది. బోర్డు ఎంత ఎక్కువ పరిస్తే గదిలో అది అంత ఎక్కువ. చేరిన మొదటి వారాల్లో మాకు కళ్ళు మండేవి, కిటికీలు మూయలేకపోయేవాళ్ళం. ఆ వాయువు తక్కువగా వదిలే ఈ-1 లేదా ఈ-0 రకం బోర్డేనా అని అడిగి, కొటేషన్‌లో రాయించుకోండి.

మీకు వీలుంటే తప్పనిసరి పనులు మాత్రం చేయించి ఇంట్లో దిగిపోండి. రెండు నెలలు ఉంటే ఏ మూల ఖాళీగా కావాలో, ఎక్కడ నిజంగా అల్మారా అవసరమో మీకే తెలుస్తుంది. వీలు కాకపోతే పని మొదలుపెట్టే ముందు నేల మీద టేపు అంటించి మంచం, వార్డ్‌రోబ్, తెరుచుకున్న తలుపు ఎంతవరకు వస్తాయో గీసుకోండి, దాని మధ్య నడిచి చూడండి. మేము ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ 19 అంగుళాలు ముందే కనిపించేవి. గదికి ఒక్క గోడ మీదే పని పెట్టించండి, మిగతా మూడూ రంగుతో వదిలేయండి. కొటేషన్‌లో ఏ వస్తువుకి ఎంత అన్నది విడివిడిగా రాసివ్వమనండి, అప్పుడు వద్దనుకున్నది కొట్టేయడం తేలిక. మొత్తం కలిపి ఒకే అంకె రాసిస్తే సంతకం పెట్టకండి.

పోయిన నెల పార్టిషన్, సోఫా వెనక షీట్ తీయించేశాం. షీట్‌తో పాటు గోడ ప్లాస్టర్ పెచ్చులుగా ఊడొచ్చింది. మళ్ళీ పుట్టీ, మళ్ళీ రంగు, బిగించడానికి పట్టినదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. ఇప్పుడు అక్కడ ఒట్టి తెల్ల గోడ ఉంది. అమ్మ తన కుర్చీ బాల్కనీ నుంచి తెచ్చి ఆ గోడ పక్కనే వేసుకుంది.