ముందు రింగు హార్నెస్: మనుషుల మీదకి ఎగిరే కుక్కకి ఎంతవరకు పనికొస్తుంది?

హార్నెస్ అంటే కుక్క ఛాతీకి, వీపుకి చుట్టూ తొడిగే పట్టీలు. పెట్ షాపులో ‘నో పుల్’ (లాగనివ్వని) హార్నెస్ అడిగితే ఎక్కువగా ముందు రింగుదే ఇస్తారు. మామూలు హార్నెస్‌కి వీపు మీద ఒక్క రింగే ఉంటుంది. దీనికి ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక మీద ఇంకోటి ఉంటుంది. లీష్ (కుక్కని పట్టుకునే తాడు) ఆ ముందు రింగుకి తగిలిస్తే, కుక్క ఉరికినప్పుడు దాని బలమే దాన్ని పక్కకి తిప్పేస్తుంది. వీపు రింగుకి తగిలిస్తే లాగడం దానికి ఇంకా సుఖం, ముందు కాళ్లు గాల్లోకి లేపడానికి ఊతం కూడా దొరుకుతుంది. మీద పడే అలవాటున్న కుక్కకి వీపు రింగు వాడకండి.

అయితే హార్నెస్ తొడిగినంత మాత్రాన ఎగరడం ఆగదు. వచ్చినవాళ్ల మీదకి దూసుకెళ్లకుండా ఆపుతుంది, అంతే. ఉన్నచోటే నిలువునా లేచే కుక్కకి అసలు పని చేసేది కాలి కింద తొక్కిపెట్టిన లీష్. అందుకని ఐదారు అడుగుల చదును నైలాన్ లీష్ కూడా కొనాలి. లోపలికి చుట్టుకుపోయే లీష్, ఇనప గొలుసు ఈ పనికి రావు, రెండూ చెప్పు కింద జారిపోతాయి. పిడి చేతిలో ఉంచుకుని, మిగతా లీష్‌ని నేలకి తొక్కిపట్టండి. కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడినా, కూర్చున్నా లీష్ కాస్త వదులుగానే ఉండాలి. ముందు కాళ్లు జానెడు లేచేసరికి బిగుసుకోవాలి. ఛాతీ కిందికి వంగేంత గట్టిగా తొక్కితే కుక్క ఎదురు గుంజుతుంది, అక్కడికి మొత్తం పాడవుతుంది.

ఈ హార్నెస్‌కి పెట్టిన డబ్బుకి న్యాయం జరిగేది ఇక్కడే. ఇదే పని మెడ బెల్టుతో చేస్తే కుదుపంతా గొంతు మీద పడుతుంది. పొమెరేనియన్ లాంటి చిన్న కుక్కల శ్వాసనాళం చాలా సున్నితం, పగ్‌కి మామూలుగానే ఊపిరి సరిగా ఆడదు. ముందు రింగుతో ఆ భారం ఛాతీ మీదకి పోతుంది.

సైజు జాతిని బట్టి చెప్పించుకోవద్దు, టేపుతో కొలవండి. ముందు కాళ్ల వెనక, ఛాతీ బాగా వెడల్పుగా ఉన్న చోట చుట్టుకొలత తీసుకోవాలి. బిగించాక పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్లు దూరాలి. ముందు పట్టీ కిందికి జారి భుజం కీలుకి అడ్డం పడితే అడుగు సరిగా పడదు. వదులైతే వెనక్కి నడుస్తూ తల బయటికి లాగేసుకుంటుంది. కాబట్టి రింగుని మెడ బెల్టుకి కలిపే చిన్న క్లిప్పు కూడా అడిగి తీసుకోండి. రింగు అతుకు దగ్గర గోరు పెట్టి చూడండి. గోరు దిగే సందుంటే లాబ్రడార్ లాగుడుకి అది సాగిపోతుంది.

లోపాలు లేకపోలేదు. లీష్ వదులైనప్పుడు ముందు కాళ్ల మధ్య చిక్కుకుంటుంది. పొట్టి బొచ్చున్న దేశవాళీ కుక్కలకి చంకల్లో ఒరుసుకుని ఎర్రబడుతుంది. మన ఎండల్లో మందపాటి స్పాంజి పట్టీ చెమ్మ పట్టి పుండు పడే ప్రమాదం ఉంది. శిక్షణ అవగానే తీసెయ్యాలి, రోజంతా ఉంచకూడదు.

శిక్షణకి ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్‌ని, ఎముకలు తీసి, శనగగింజంత ముక్కలు చేసుకోండి. ఒక్కో విడతకి పది పన్నెండు ముక్కలు, మూడు నాలుగు నిమిషాలు చాలు. ఇంట్లోవాళ్లే ఒకరు బయటికెళ్లి కాలింగ్ బెల్ కొట్టాలి. లోపలికొచ్చి, చేతులు కట్టుకుని, చూపు పక్కకి తిప్పుకోవాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్న ఆ క్షణంలోనే ముక్క నేల మీద పెట్టాలి. చేత్తో పైనుంచి చూపిస్తే దానికోసమే ఎగురుతుంది. ఎగిరితే వచ్చిన మనిషి మాట్లాడకుండా వెనక్కి తిరిగి గుమ్మం దాటాలి.

“దిగు, దిగు” అని అరుస్తూ రెండు చేతులతో తోసేస్తే కుక్కకి అది ఆటే. మోకాలితో ఛాతీ మీద కొట్టడం, వెనక కాళ్లు తొక్కడం లాంటివి గాయం చేస్తాయి, మనిషి వస్తేనే భయపడేలా చేస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది, “పర్లేదండీ, మాకు కుక్కలంటే ఇష్టం” అంటూ ఎగిరిన కుక్కనే ముద్దు చేసే చుట్టం. పదిసార్లలో ఒక్కసారి ఫలితం దక్కినా అలవాటు ఇంకా గట్టిపడుతుంది. అలాంటివాళ్లు వచ్చినప్పుడు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు వచ్చినప్పుడు కూడా, కుక్కని గ్రిల్ అవతల ఉంచండి. గోరు తగిలి చర్మం చీరితే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, టీకా కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఎదిగిన లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ ఉన్నవాళ్లు తప్పకుండా కొనొచ్చు. ఆరు నెలల లోపు కుక్కపిల్లకైతే తొందరపడొద్దు. నెల తిరిగేసరికి సైజు మారిపోతుంది, ఆ వయసులో గుమ్మానికి అడ్డంగా ఒక చిన్న గేటు, జేబులో చికెన్ ముక్కలు ఉంటే నడిచిపోతుంది.