రెండేళ్లు వాడాక భిన్నాల పట్టీల గురించి

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు 51 ముక్కల ప్లాస్టిక్ పట్టీల సెట్టు ఒకటి కొన్నాను. నిండు పట్టీ ఒకటి, అదే పొడవుకు సరిపోయే అరలు రెండు, మూడో వంతులు మూడు, అలా 4, 5, 6, 8, 10, 12 వంతుల దాకా ఉంటాయి. ఒక్కో వంతుకు ఒక్కో రంగు. తను ఇప్పుడు ఆరో తరగతి. ఇంత కాలం వాడాను కాబట్టి నమ్మకంగా రాస్తున్నాను.

కొన్నది ఒకే కారణానికి. 3 కన్నా 4 పెద్దది కాబట్టి 1/3 కన్నా 1/4 పెద్దదని తను గట్టిగా నమ్మేది. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టగానే ఆ పొరపాటు పోయింది. అంతవరకే అయితే ఇంత రాసేదాన్ని కాదు.

అసలు సంగతి కొన్ని వారాల తర్వాత బయటపడింది. 8/12ని సూక్ష్మీకరించి 2/3 అని సరిగ్గానే రాసి, "అమ్మా, ఇప్పుడు ఇది ఎంత తగ్గింది?" అని అడిగింది. నాలుగో ఎక్కంలో కొట్టేయడం వచ్చు, నాలుగు రెళ్లు ఎనిమిది, నాలుగు మూళ్లు పన్నెండు అని చకచకా చెప్పేది. కానీ పైనా కిందా అంకెలు చిన్నవయ్యాయి కాబట్టి విలువ కూడా చిన్నదైందని అనుకుంటోంది. లెక్క తప్పు పోవడం లేదు కనుక నాకు ఆ అనుమానమే రాలేదు.

పన్నెండో వంతు ముక్కలు ఎనిమిది వరుసగా పేర్చి, కింద మూడో వంతులు రెండు పెట్టమన్నాను. రెండు వరుసలూ ఒకే చోట ఆగాయి. తర్వాత ఆ ఎనిమిదింటినీ నాలుగేసి చొప్పున విడదీయమన్నాను. ఒక్కో గుంపూ ఒక మూడో వంతుకు సరిగ్గా సరిపోయింది. నాలుగో ఎక్కంలో కొట్టేయడం అంటే నాలుగేసి ముక్కలను కలిపి ఒక ముక్కగా చూడటమేనని తనకు అప్పుడు అర్థమైంది. రెండో ఎక్కంలో కొట్టి 4/6 దగ్గర ఆగిపోయే అలవాటు కూడా తగ్గింది. ఆరో వంతుల వరుస చూసి, "ఇంకా జతలు కట్టొచ్చు" అని తనే అనేది.

ఇక్కడే చదివే పద్ధతి కూడా మార్చాను. "రెండు బై మూడు" అంటే పిల్లలకు రెండు విడివిడి అంకెలే వినిపిస్తాయి. "మూడింట రెండు వంతులు" అంటే మొత్తాన్ని ఎన్ని చేశామో, అందులో ఎన్ని తీసుకున్నామో ఆ మాటలోనే ఉంది. హారం, లవం అనే పేర్లు ఆ తర్వాత నేర్పినా నష్టం లేదు.

కూడికల్లోనూ బాగా పనికొచ్చింది. 1/2 + 1/3 = 2/5 అని రాస్తే నేను తప్పు అనలేదు, పేర్చి చూడమన్నాను. 2/5 పొడవు అర కన్నా తక్కువే! అరకు ఇంకో ముక్క కలిపితే అర కన్నా తగ్గడం ఎలా కుదురుతుంది? కింద ఆరో వంతులు పేర్చుకుంటూ పోతే అయిదింటికి సరిపోయింది. క.సా.గు. ఎందుకు కావాలో ఆ రోజు వివరించాల్సిన పని పడలేదు.

లోపాలూ ఉన్నాయి. ఏడో వంతులు, తొమ్మిదో వంతులు లేవు, మందపాటి కాగితంతో మేమే కత్తిరించుకున్నాం. చిన్న ముక్కల మీద అంకెలు ఏడాదిలోపే చెరిగిపోయాయి. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. పన్నెండో వంతులు పన్నెండూ పేరిస్తే మధ్య సందుల వల్ల నిండు పట్టీని కొంచెం దాటేవి. "ఒకటి కన్నా ఎక్కువైందే!" అన్న తన ప్రశ్న న్యాయమైనదే. స్కేలు అంచుకు ఆనించి దగ్గరగా నొక్కితే సరిపోతుంది. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే పిల్లలు కళ్లతో చూసిందే నిజమనుకుంటారు.

గుండ్రటి ముక్కల సెట్టు కూడా కొన్నాళ్లు వాడాం. మొత్తం అంటే ఏమిటో అందులో బాగా కనిపిస్తుంది గానీ, అయిదో వంతుకూ ఆరో వంతుకూ తేడా కంటికి ఆనదు. ఒకటి దాటిన మొత్తాలకు పట్టీలే మేలు.

పెద్ద అంకెలకు ఈ సెట్టు చాలదు. 84/126 వచ్చినప్పుడు 84, 126 మిల్లీమీటర్ల కాగితం పట్టీలు రెండు కత్తిరించాం. పెద్దదానిలోంచి చిన్నదాని పొడవు తీసేస్తే 42 మిగిలింది. 84లో 42 సరిగ్గా రెండుసార్లు పట్టింది. అంటే గ.సా.భా. 42, జవాబు 2/3. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిపెట్టిన పద్ధతే ఇది. కత్తెరతో చేసినందుకు తనకు ఇప్పటికీ గుర్తుంది.

కొనేవాళ్లకు ఒక మాట. అంకెలు ఒకవైపే అచ్చయిన సెట్టు తీసుకోండి. మేం కొన్ని నెలల తర్వాత ముక్కలన్నీ బోర్లించి వాడటం మొదలుపెట్టాం. అంకె కనిపించకపోతే పొడవులు పోల్చి తీరాలి, ఏ ముక్క ఎన్నో వంతో వాళ్లే తేల్చాలి. ఈ మధ్య తను పెట్టె తెరవకుండానే, కళ్లు మూసుకుని "ఎనిమిదింట ఆరు... జతలు కడితే నాలుగింట మూడు" అంటోంది.